మజుకూరు బురుజు

మార్చి 2

ఈ డైరీని భావితరాలు చదవకూడదు. చదివితే వాళ్ల ఖర్మ.

పొద్దున్నే మా అక్క షెడ్డు తలుపుకి మునిసిపాలిటీ వాళ్లు నోటీసు అంటించి పోయారు. అక్క దాన్ని చదవకముందే వేలితో అద్ది చూసి, జిగురులో మైదా ఎక్కువైందని తేల్చింది. తర్వాత చదివింది. తర్వాత బావకి చదివి వినిపించింది. బావ మిషను ఆపాడు. బావ మిషను ఆపడం మా ఇంట్లో చారిత్రక సంఘటన.

అక్కా బావా సముద్రం రోడ్డులో టార్పాలిన్లు కుడతారు. పడవల మీద కప్పేవి, లారీల మీద కప్పేవి, పెళ్లిపందిళ్ల మీద వేసేవి. కింద షెడ్డు, పైన ఇల్లు, అటక మీద నేను. ఇప్పుడు ఆ షెడ్డు కింద మూడొందల ఏళ్ల నాటి కోట బురుజు ఉందట. దాన్ని తవ్వి తీయాలంటే షెడ్డు కూల్చాలట. అభ్యంతరాలున్నవాళ్లు ఏప్రిల్ పదిన మునిసిపల్ హాల్లో విచారణకి వచ్చి చెప్పుకోవాలట.

బురుజు అక్కడుందని చెప్పింది మా గైడుగారు. ఆయన దగ్గరే నేను పరిశోధన చేస్తున్నాను. స్థలం కొలిచిన రోజు టేపుకి ఒక కొస ఆయన పట్టుకున్నారు. రెండో కొస గాల్లో తేలదు కదా.

"మీ సారే కదరా ఇదంతా?" అంది అక్క.

అవునన్నాను.

"మరి అక్కడ నువ్వేం చేస్తుంటావు?"

పరిశోధన అన్నాను. ఇన్నేళ్లూ ఇంటా బయటా నన్ను కాపాడిన జవాబు అది. ఇవాళ కాపాడలేదు.

మార్చి 4

నా పనేమిటో అక్కకి వివరించడానికి ఇక్కడ రిహార్సల్ వేసుకుంటున్నాను.

అక్కా, విను. రేవు పక్కన కోట ఉంది కదా. దానికి ఆరు బురుజులు. పూర్వం ఆ కోట చూసుకునే అధికారి, అదే కిల్లేదారు, మారినప్పుడల్లా, పోయేవాడు వచ్చేవాడికి సామానంతా అప్పజెప్పి జాబితా రాయించేవాడు. ఏ బురుజు మీద ఎన్ని ఫిరంగులు, కొట్లో ఎంత తుపాకిమందు, వంటగదిలో ఎన్ని గరిటెలు. గోడలు సగం పోయినా ఆ కాగితాలు మిగిలాయి. వాటిని బట్టి కోట ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పొచ్చు. ఆ కాగితాలు చదవడం నా పని. గైడుగారు చదవరు. దుమ్ము పడదు. ఆయనకి రికార్డు ఆఫీసు వాళ్లు ఎప్పుడో అచ్చేసిన విషయసూచిక చాలు. అందులో 'బురుజులు' అనే మాట కింద ఏడు పేర్లున్నాయి. ఏడోది మజుకూరు బురుజు. బయట చూస్తే ఆరే ఉన్నాయి. కాబట్టి ఏడోది పోయిందన్నమాట. పోయినదాన్ని కనిపెట్టడమే ఆయన జీవితం. మజుకూరు అనే వీరుడు దాన్ని కట్టించాడనీ, అది లేకపోతే కోటకి సముద్రం వైపు కన్ను లేనట్టేననీ లావుపాటి పుస్తకం రాశారు. ఆ కన్ను ఎక్కడుండాలో కోణాలు పెట్టి లెక్కగట్టారు. లెక్క వచ్చి సరిగ్గా మీ షెడ్డు...

ఇక్కడికొచ్చేసరికి రిహార్సల్లోనే అక్క లేచి వెళ్లిపోయింది.

మార్చి 6

రికార్డు ఆఫీసులో ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతాయని ఆపేస్తారు. ఆపితే మన చెమట కాగితాల మీద పడుతోందని కసురుకుంటారు. పరిశోధకుడనేవాడు పుట్టుకతోనే ఎండి ఉండాలి.

మా కిల్లేదార్లంత సోమరులు చరిత్రలో దొరకరు. వీళ్లలో ఒక్కడైనా బురుజెక్కి లెక్క చూసుకున్నాడంటే నేను నమ్మను. పాత జాబితా ముందు పెట్టుకుని కొత్త కాగితం మీదికి ఎక్కించడమే. ఒక గరిటె ఉంది, పిడి విరిగినది. తాతల కాలంలో పిడి విరిగింది, మనవల కాలంలోనూ విరిగే ఉంది. మధ్యలో కోటని రెండుసార్లు శత్రువులు పట్టుకున్నారు. గరిటెని ఎవరూ పట్టుకోలేదు. ఒక ఫిరంగి గోడతో సహా కూలి నీళ్లలో పడింది. ఆ తర్వాతి జాబితాలో ఇలా ఉంది: 'ఫిరంగి ఒకటి, సముద్రమందు ఉన్నది, స్థితి మంచిది.'

నా మూడో అధ్యాయం పేరు 'మజుకూరు బురుజు: ఆయుధ సంపత్తి'. ఇవాళ దొరికిన ఆధారం: 'తూర్పు బురుజు, ఫిరంగులు నాలుగు. మజుకూరు బురుజు, గుళ్లు రెండు వందలు.' అంటే ఫిరంగులు ఒక బురుజు మీద, గుళ్లు ఇంకో బురుజు మీద. ఆనాటి రక్షణ వ్యూహం మనకి అందనంత లోతైనదని రాసుకున్నాను.

మార్చి 7

మజుకూరుకి ఒక గాడిద కూడా ఉంది.

మార్చి 9

గాడిద ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. మజుకూరు బావి. మజుకూరు నిచ్చెన. మజుకూరు బాల్చీ, చిల్లుది. కోటలో ఇన్నింటికి ఒకే మనిషి పేరు పెట్టారంటే ఆయన సామాన్యుడు కాడు. కూర్చుని జీవిత చరిత్ర మొదలుపెట్టాను. 'మజుకూరు గొప్ప దాత. సైనికుల కోసం బావి తవ్వించాడు. నిచ్చెన దానం చేశాడు. చిల్లు బాల్చీని సైతం పారేయని నిరాడంబరుడు.'

గైడుగారికి చూపిస్తే మురిసిపోయారు. గాడిద అన్నచోట కొట్టేసి 'వాహనం' అని దిద్దారు.

ఇంటికొస్తే అక్క నోటీసు ముందు నిలబడి ఉంది. చదవడం లేదు, ఊరికే నిలబడింది.

మార్చి 12

మేక సంగతి.

ఒక జాబితాలో ఇలా ఉంది: 'మేక ఒకటి, కుంటిది. మజుకూరు మేకను కొత్త కిల్లేదారుగారి విందుకు కోయడమైనది.' పాపం, మేకని కూడా ఇచ్చేశాడు మహానుభావుడు, ఈ ముక్క జీవిత చరిత్రలో చేర్చాలి అనుకుంటూ పేజీ తిప్పాను. 'మేకలు: లేవు.'

మరి కుంటిదేమైంది?

కుంటి మేక ఒకటి, మజుకూరు మేక ఒకటి. కోసింది ఒకటి. మిగిలింది సున్నా. కుంటిది పారిపోయి ఉంటుందా అనుకున్నాను. కుంటిది ఎంత దూరం పోతుంది? దొంగలెత్తుకుపోయారా అనుకున్నాను. పిడి విరిగిన గరిటెని ముట్టని దొంగలు కుంటి మేకని ముడతారా? ఎటునుంచి లెక్కేసినా, మొదట్నుంచీ మేక ఒక్కటే అయితే తప్ప కుదరడం లేదు.

నిఘంటువు తీశాను.

మజుకూరు: పైన చెప్పిన; సదరు.

నిఘంటువుల్లో అచ్చుతప్పులు మామూలే.

మార్చి 13

రెండో నిఘంటువులోనూ అదే అచ్చుతప్పు.

మార్చి 14

పైన చెప్పిన బావి. పైన చెప్పిన నిచ్చెన. పైన చెప్పిన గాడిద. తూర్పు బురుజు మీద ఫిరంగులు నాలుగు, పైన చెప్పిన బురుజు మీదే గుళ్లు రెండు వందలు. వ్యూహం అంత లోతైనదేమీ కాదు.

విషయసూచిక తయారుచేసిన పుణ్యాత్ముడు 'బురుజు' ముందు ఏ మాట కనబడితే దాన్ని పేరు కింద ఎక్కించాడు. గైడుగారు ఆ సూచిక మీద పుస్తకం కట్టారు. పుస్తకం మీద నేను మూడో అధ్యాయం కట్టాను. దాని మీద మునిసిపాలిటీ నోటీసు కట్టింది. అన్నిటికీ అడుగున మా అక్క షెడ్డు ఉంది.

మజుకూరు పుట్టనేలేదు. ఆయన మృతికి సంతాపంగా టీ మానేశాను. తర్వాత తాగాను.

అక్కకి ఇవాళే చెప్పాలి. కాకపోతే నా సిద్ధాంత వ్యాసం మీద గైడుగారి సంతకం పడాల్సి ఉంది. సంతకం లేకపోతే ఇన్నేళ్ల చదువూ చిల్లు బాల్చీలో పోసినట్టే. అది పడ్డాక చెబితే అందరికీ మంచిది. విచారణకి బోలెడు టైముంది. అదీగాక శాస్త్రజ్ఞుడు తొందరపడకూడదు. మూడో నిఘంటువు కూడా చూడాలి.

మార్చి 17

పడవల యార్డు మేనేజరు వచ్చాడు. వానలు పడేలోపు పడవలన్నిటికీ కప్పులు కుట్టాలట. ఏటా అక్కకి వచ్చే పెద్ద పని, దాంతోనే సంవత్సరం నడుస్తుంది. అక్క వద్దంది. అప్పటికి షెడ్డే ఉంటుందో లేదో తెలియదనీ, మాటిచ్చి తప్పడం తనకి చేతకాదనీ చెప్పింది. ఆయన కాసేపు తలగోక్కుని, ఇంకో షాపు అడ్రసు ఆమెనే అడిగి తీసుకుని వెళ్లాడు.

నేను మెట్ల మీదే ఉన్నాను. చెబుదామని నోరు తెరిచాను కూడా. ఆవలింత వచ్చింది.

మార్చి 18

మూడో నిఘంటువు ఎవరో ఇంటికి తీసుకెళ్లారట. కాబట్టి విషయం ఇంకా తేలనట్టే.

మార్చి 20

గైడుగారికి చెప్పేశాను. ధైర్యం అని రాసుకోవచ్చు గానీ, ఇంకేదో పని మీద వెళ్లి నోరు జారాను.

ఆయన బల్ల మీద ప్లాస్టరుతో చేసిన కోట నమూనా ఉంటుంది, ఏడు బురుజులతో. ఏడోదానికి మాత్రం ఎర్ర రంగు. నేను మేక దగ్గర మొదలుపెట్టి గాడిద మీదుగా నిఘంటువు దాకా వచ్చేసరికి, ఆయన జేబురుమాలు తీసి ఎర్ర బురుజు మీద దుమ్ము తుడుస్తున్నారు.

"మజుకూరు అంటే పైన చెప్పిన అని నాకు తెలియదనుకున్నావా?" అన్నారు.

జేబురుమాలు మడుచుకున్నారు.

"పైన చెప్పిన బురుజు. సరే. చెప్పిందెవరు?"

"జాబితా రాసిన గుమాస్తా, సార్."

"వాడు పోయి మూడొందల ఏళ్లయింది. పాతికేళ్లుగా పైన కూర్చుని చెబుతున్నదెవరు? నేను. నేను చెప్పాను కాబట్టి అది పైన చెప్పిన బురుజే. ఇందులో నీకొచ్చిన సందేహం ఏమిటి?"

మెట్లు దిగి సైకిలు తాళం తీసేదాకా నాకు సందేహం ఏమిటో గుర్తుకు రాలేదు.

ఇంకో ముక్క కూడా అన్నారు. విచారణలో జాబితా నేనే చదవాలట, బురుజుల వరకే. గాడిదలూ మేకలూ అక్కర్లేదట. సంతకం సంగతి ఆ సాయంత్రమే చూద్దామన్నారు.

మార్చి 24

పెద్ద మిషను అమ్మేశారు. షెడ్డు పోయి అద్దె గదిలోకి మారితే రెండు మిషన్లు పట్టవని అక్క ముందే తేల్చుకుంది. కారు సీట్లు కుట్టే అతను తోపుడు బండి తెచ్చాడు. చిన్న మిషను బావది. పెద్దది అక్క తన కష్టంతో కొనుక్కున్నది, ఇంకొకరిని ముట్టనిచ్చేది కాదు. రోడ్డు మలుపు దాకా అది ఒరిగిపోకుండా తాడు పట్టుకుని బండి వెనకాలే నడిచింది. నేనూ ఒక చెయ్యి వేశాను. బరువుగా ఉంది.

మా కిల్లేదారు అయితే ఇలా రాయించేవాడు: 'మిషను ఒకటి, పెద్దది. మజుకూరు మిషను బండి ఎక్కడమైనది.' వాక్యం బాగా కుదిరింది.

మార్చి 25

నిన్నటి వాక్యం అంత బాగోలేదు.

ఏప్రిల్ 3

అక్క అభ్యంతర పత్రం నాచేతే రాయించింది, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని. ఆమె చెబుతోంది, నేను రాస్తున్నాను. ఈ షెడ్డు తప్ప మాకు వేరే ఆధారం లేదు, మా ఇద్దరికీ ఇంకో పని రాదు, మా తమ్ముడి చదువు కూడా దీని మీదే నడుస్తోంది.

"నీకింకేమైనా తోస్తే చేర్చరా. చదువుకున్నవాడివి" అంది.

ఒక కామా చేర్చాను.

ఏప్రిల్ 6

బావతో చెప్పి చూద్దామనుకున్నాను. పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఒక మనిషికి ఒక సంగతి తెలుసనుకో బావా, అని మొదలుపెట్టాను. బావ దారం పళ్లతో కొరికి, ఎవరా మనిషి అన్నాడు. ఉదాహరణకి అన్నాను. ఉదాహరణకి కూడా మీ అక్క ఊరుకోదు అన్నాడు. మళ్లీ మిషను మొదలుపెట్టాడు.

నేను బావకి ఏమీ చెప్పలేదు. ఆయనా ఏమీ వినలేదు. ఇద్దరం చక్కగా మాట్లాడుకున్నట్టు ఉంది.

ఏప్రిల్ 9

రేపు బురుజుల భాగం వరకే చదువుతాను. అబద్ధం కాదు కదా, కాగితంలో ఉన్నదే. అర్థం ఎవరైనా అడిగితే అప్పుడు చూసుకోవచ్చు. ఎవరూ అడగరు. ఇన్నేళ్లలో గైడుగారిని ఒక్కడూ అడగలేదు.

ఏప్రిల్ 10

అడిగారు.

హాలు నిండిపోయింది. కమిషనరమ్మ కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి పెట్టుకుని, వేరే ఫైళ్ల మీద సంతకాలు చేస్తూ వింటున్నారు. గైడుగారు కోట నమూనాని శాలువా కప్పి మోయించుకొచ్చారు. శాలువా తీసి, ఎర్ర బురుజు చూపించి, మజుకూరు చివరి గుండు దాకా పోరాడిన సంగతి చెప్పారు. ఈ పోరాటం నేను రాసిన జీవిత చరిత్రలో కూడా లేదు. అది మజుకూరు రక్తంతో తడిసిన నేల అన్నారు. అక్క బావవైపు వంగి, మన నేల తడిసేది పైకప్పు కారితేనే అంది. నెమ్మదిగా అన్నాననుకుంది గానీ మూడు వరసలు విన్నాయి.

నా వంతు వచ్చింది. లేచాను. 'తూర్పు బురుజు, ఫిరంగులు నాలుగు. మజుకూరు బురుజు, గుళ్లు రెండు వందలు' అని చదివి కాగితం మడిచాను. గైడుగారు కళ్లతోనే కూర్చోమన్నారు. కూర్చుందామని సగం వంగాను.

అక్క లేచింది.

"ఒక్క మాట అండీ. ఈ మజుకూరు ఎవరండీ? ఎవరి కోసం మా షెడ్డు పోతోందో తెలుసుకుందామని."

కమిషనరమ్మ గైడుగారి వైపు చూశారు. గైడుగారు చిరునవ్వుతో నావైపు చెయ్యి చూపించి, ఆ మహావీరుడి జీవిత చరిత్ర రాసినవాడే ఇక్కడున్నాడని చెప్పారు. హాలంతా నావైపు తిరిగింది. అందరి సంగతీ సరే, అక్క కూడా తిరిగింది. మా తమ్ముడికి తెలియకుండా ఉంటుందా అన్నట్టు చూసింది. నేను అలాగే సగం వంగి ఉన్నాను.

"ఎవరూ కాదండీ" అన్నాను.

తర్వాత గొంతు దానంతట అదే నడిచింది. మజుకూరు అంటే పైన చెప్పిన అని అర్థమనీ, పైన చెప్పింది తూర్పు బురుజు గురించేననీ, అది ఇప్పటికీ నిక్షేపంలా నిలబడే ఉందనీ, షెడ్డు కింద ఏ బురుజూ ఉన్నట్టు ఏ జాబితాలోనూ లేదనీ చెప్పాను. గైడుగారు ఇది యువకుల ఆవేశం అన్నారు. నేను మడిచిన కాగితం విప్పి మిగతాది కూడా చదివాను. బావి, నిచ్చెన, చిల్లు బాల్చీ, గాడిద. గాడిద దగ్గర వెనక వరసలో నవ్వు మొదలైంది. మేకని కోసేసరికి ముందు వరసకి వచ్చింది.

కమిషనరమ్మ కళ్లజోడు కిందికి దించుకున్నారు.

"అంటే మా ఆఫీసుల్లో రాసే 'సదరు' లాంటిదా?"

అదేనండీ అన్నాను.

ఆమె గుమాస్తా వైపు తిరిగి, "మనం నోటీసులో 'సదరు షెడ్డు' అని రాశాం. సదరు అనే ఆయన ఎవరైనా వచ్చి షెడ్డు నాదంటాడేమో చూడండి" అన్నారు. తర్వాత నోటీసు రద్దు చేసినట్టు రాయించి సంతకం పెట్టారు. అదే పెన్నుతో, వేరే ఫైలు మీద పెట్టినంత తేలిగ్గా. షెడ్డు ఉంది. అయిపోయింది.

గైడుగారు కోటకి మళ్లీ శాలువా కప్పించి మోయించుకుని వెళ్లిపోయారు. నాతో సంతకం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇంటికి నడిచి వచ్చాం. బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. అక్క ముందు నడుస్తోంది. ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. మెచ్చుకుంటే ఏమనాలో రెండు జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. షెడ్డు తలుపు దగ్గర ఆగి, గోళ్లతో నోటీసు గోకడం మొదలుపెట్టింది. గోకుతూనే అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఈమధ్యే."

"పడవల యార్డాయన వచ్చినప్పటికి తెలుసా?"

బావ నా భుజం మీది చెయ్యి తీసేశాడు.

"సంతకం కోసం ఆగాను అక్కా. అది పడగానే చెబుదామని..."

"మిషనుకి చెయ్యి వేసి మలుపు దాకా వచ్చావు కదరా" అంది.

ఈసారి తెలుసా అని అడగలేదు. తెలుసని చెప్పాల్సిన పని తప్పింది. నోటీసు ముక్కలు ముక్కలుగా ఊడుతోంది.

దీనికి తగిన జోకు తర్వాత ఆలోచించి రాయాలి.

ఏప్రిల్ 13

పేపర్లో గైడుగారి వ్యాసం వచ్చింది. 'ఏడో బురుజు లేనే లేదు: పాతికేళ్ల పరిశోధన తేల్చిన నిజం.' అసలు కాగితాలు చూడకుండా విషయసూచికల మీద బతికే యువతరాన్ని చాలా ఘాటుగా మందలించారు. చివర్లో సదరు విద్యార్థికి కృతజ్ఞతలు చెప్పారు. పేరు వెయ్యలేదు. నా అంశం మారిపోయింది కాబట్టి మళ్లీ మొదటి సంవత్సరం నుంచి నమోదు చేసుకోవాలని ఆఫీసు నుంచి కబురు.

వ్యాసాన్ని ఆయన గొంతుతో అక్కా బావలకి చదివి వినిపించాను. బావ నవ్వాడు. అక్క ముఖం చూసి ఆపేశాడు.

ఏప్రిల్ 15

కారు సీట్లతని దగ్గరికి వెళ్లాను. మిషను తిరిగి ఇమ్మని బతిమాలాను. దాని మీద అప్పుడే పెద్ద పని ఒప్పుకున్నాడట. మాటిచ్చి తప్పడం అతనికీ చేతకాదట. పడవల యార్డుకి కూడా వెళ్లాను. అక్క ఇచ్చిన అడ్రసులో వాళ్లు సగం కప్పులు కుట్టేశారట, బాగా కుడుతున్నారట.

ఏప్రిల్ 17

టార్పాలిన్ అంచులకి ఇత్తడి రింగులు కొడుతున్నాను. తాడు దూర్చడానికి. నన్నెవరూ అడగలేదు. బావ సుత్తీ అచ్చూ నావైపు జరిపాడు, అంతే. సుత్తి బావది, దెబ్బ తిన్న వేలు నాది.

అక్క అటూ ఇటూ తిరుగుతుంది, మాట్లాడదు. కంచం పెడుతుంది, మాట్లాడదు. నాకు చెప్పాల్సినవి బావకి చెబుతుంది, నేను వినేంత గట్టిగా.

జోకు ఇంకా రాలేదు.

ఏప్రిల్ 18

రాలేదు.

ఏప్రిల్ 21

మధ్యాహ్నం అక్క నేను కొట్టిన గుడ్డ తీసి వాకిట్లో వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. రింగుల్లోంచి చిన్న చిన్న ఎండ చుక్కలు ఆమె ముఖం మీద పడ్డాయి. ఒక్కొక్కదాన్నీ వేలితో తడుముతూ చివరిదాకా వెళ్లింది. తర్వాత గుడ్డ తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"ఈ వరస వంకర పోయింది. ఊడదీసి మళ్లీ కొట్టు" అంది.

విచారణ రోజు తర్వాత నాతో అన్న మొదటి మాట.

ఊడదీస్తున్నాను.